జానెడు ఎడం

నాకు పడటం వచ్చు. ఇంకేమీ రాదు. మా అయ్య వల వెయ్యడం నేర్పబోతే పారిపోయాను. మా అన్న పడవెక్కిస్తే కడుపులో ఉన్నదంతా కక్కేశాను. పడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. వెనక్కి, ముందుకి, మెట్ల మీద నుంచి, లారీ మీద నుంచి, గాజు తలుపులోంచి, ఎలాగైనా సరే. పద్దెనిమిదేళ్ళు, మద్రాసులో కొన్నాళ్ళు, హైదరాబాదులో కొన్నాళ్ళు, అదే పని చేసి బతికాను. సినిమావాళ్ళు నన్ను ఫైటర్ అనేవారు. నవ్వొస్తుంది. ఫైటర్ అంటే కొట్టేవాడు కాదు, హీరో చేతిలో తన్నులు తినేవాడు.

నన్ను తన్నిన హీరో దొరబాబు గారు. మీరు నలభై దాటినవాళ్ళైతే ఆయన్ని ఎరిగే ఉంటారు. నల్ల బనీను, నుదుటికి ఎర్ర గుడ్డ, గాలిలో రెండు చుట్లు తిరిగి మడమతో కొట్టే దెబ్బ. దానికి మా గోదావరి జిల్లాల కుర్రాళ్ళు సుడి దెబ్బ అని పేరు పెట్టుకున్నారు. కరాటే బొమ్మలు ఆడిన ఆ ఏడెనిమిదేళ్ళూ రాజమండ్రిలో ఆయన సినిమా పడిందంటే టికెట్ల దగ్గర నిజం కొట్లాటలు జరిగేవి. తెర మీద ఆ దెబ్బ తిని ఎగిరిపడే బుర్రమీసాలవాణ్ణి నేను. పేరు బుల్లియ్య, ఊరు ఉప్పాడ.

ఇదంతా ఆయన గొప్ప చెప్పడానికి మొదలుపెట్టలేదు. నా మనవరాలు అశ్వినికి ఎడమ కన్ను పోయింది. అది ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఈ పడటం సంగతి చెప్పాలి. దిక్కుమాలిన సంగతి, అయినా చెప్పాలి.

సినిమా దెబ్బ తగలదు. పిడికిలికీ దవడకీ మధ్య జానెడు ఎడం ఉంటుంది. ఆ ఎడం కనబడని వైపు కెమెరా పెడతారు. కొట్టేవాడు జానెడు ఇవతల ఆపాలి, పడేవాడు సరిగ్గా అప్పుడే ఎగిరిపోవాలి. చప్పుడు తరవాత కలుపుతారు. ఆపడంలో దొరబాబు గారిని మించినవాడు లేడు, ఒట్టేసి చెబుతాను. ఎంత విసురుగా వచ్చిన కాలైనా నా చెవి పక్కకొచ్చి టక్కున ఆగేది. గాలి మాత్రం తగిలేది. అన్నేళ్ళలో ఆయన చేతిలో ఒక్కడికీ పన్ను ఊడలేదు. ఆ మాట చెప్పుకోగలిగిన హీరో ఇంకొకడు నాకు కనబడలేదు.

"ఒరేయ్ బుల్లియ్యా, నాకు కొట్టడం రాదురా, ఆపడం వచ్చు" అనేవారు, మేమిద్దరమే ఉన్నప్పుడు. నలుగురిలో అనేవారు కాదు. జపానులో నేర్చుకున్నారని పోస్టర్ల మీద వేసేవారు. ఏం జపాను! కొత్తపల్లి దగ్గర రైతుబిడ్డ ఆయన. చిన్నప్పుడు జాతరలో కర్రసాము చేసేవారు, అంతే.

పట్టిసీమ ఇసకలో తీసిన ఫైటు చాలామందికి గుర్తుంటుంది. అప్పటికింకా అక్కడ పంపులూ పైపులూ లేవు. వెనక వీరభద్రుడి గుడి, కింద కాళ్ళు కాలిపోయే ఇసక. ఒక్క సుడి దెబ్బకి నేను పన్నెండుసార్లు పడ్డాను, మొదటి పదకొండూ ఎవరికీ నచ్చలేదు కాబట్టి. పన్నెండోసారి పడ్డాక లేవలేకపోయాను. యూనిట్టంతా భోజనాలకి పోతే దొరబాబు గారు ఒక్కరే వచ్చి ఆ ఇసకలో కూలబడి, నా తల తన తొడ మీద పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగించారు. అంత హీరో, నాలాంటి పల్లెవాడికి! ఆ రోజు నుంచి నేను ఆయన మనిషినైపోయాను. మనిషి కాదు కుక్క అనండి, నాకేం కోపం రాదు.

ఆ బొమ్మ వందరోజుల పండక్కి రాజమండ్రి వెళ్ళాం. లాడ్జి ముందు బస్తాలు మోసే మనిషొకడు, బాగా తాగి ఉన్నాడు, దొరబాబు గారి చొక్కా పట్టుకున్నాడు. "నిజంగా కొడతావా నువ్వు? ఏదీ, నన్ను కొట్టు చూద్దాం" అన్నాడు. చుట్టూ రెండొందల మంది. దొరబాబు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అప్పటికి మీసాలు తీసేసి ఉన్నాను కాబట్టి నన్నెవరూ పోల్చలేదు. తాగుబోతుని పక్కకి నెట్టి, "ముందు నా సంగతి చూడండి" అని ఎదురెళ్ళాను. ఆయన తిరిగారు, కాలు నా చెవి పక్కకొచ్చి ఆగింది. నేను ఎగిరి లాడ్జి మెట్ల మీద పడి, నెత్తురు రావడానికి పెదవి కొరుక్కున్నాను. తాగుబోతు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాడు. సినిమా బయట నేను పడటం అదే మొదలు.

కరాటే బొమ్మల కాలం అయిపోయింది. దొరబాబు గారు ఆఖరి సినిమా సొంతంగా తీసి పొలమంతా పోగొట్టుకున్నారు. భార్య అంతకు ముందే పోయింది, పిల్లలు లేరు. పదేళ్ళ కిందట ఒక చేతిసంచీ పట్టుకుని ఉప్పాడ వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "బుల్లియ్యా, నాలుగు రోజులు ఉండనిస్తావా?" అన్నారు. అప్పటికి మా ఇంటికీ సముద్రానికీ మధ్య రెండు వరసల ఇళ్ళుండేవి. ఇప్పుడు మాదే మొదటి వరస.

ఊరికే కూర్చోలేక ఆయన తుఫాను షెల్టరు కింద ఖాళీలో పిల్లలకి కరాటే నేర్పడం మొదలెట్టారు. మొదటిరోజు పాతికమంది పిల్లలొచ్చారు. ఆయనకి అప్పటికే అరవై దాటాయి, మోకాళ్ళు వంగవు. "ఈ ముసలాయనా?" అని ఒకడు కిసుక్కున నవ్వాడు. దొరబాబు గారు నా వైపు చూశారు, అదే చూపు. నేను లేచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన చెయ్యి విసిరారు, నేను వెనక్కి ఎగిరి స్తంభం దగ్గర పడ్డాను. పిల్లలు ఈలలే ఈలలు. ఇంక రోజూ పొద్దున్నే అదే తంతు. రోజూ ఆయన కొట్టేవారు, రోజూ నేను పడేవాణ్ణి.

మెల్లిగా అదొక ఆచారమైపోయింది. దెబ్బ జానెడు ఇవతల ఆపాలి, తగిలితే తప్పు. ఎదుటివాళ్ళు దెబ్బ వచ్చిందనగానే పడాలి, పడకపోతే అమర్యాద. "దెబ్బకి పడటమంటే గురువుకి దణ్ణం పెట్టడమే" అనేవారు ఆయన. "ఆపగలిగినవాడే కొట్టగలడు. అవసరమొచ్చిన నాడు చెయ్యి దానంతటదే వెళ్తుంది" అనేవారు. పిల్లలు నమ్మారు. కళ్ళెదురుగా రోజూ నేను ఎగిరిపడుతుంటే ఎందుకు నమ్మరు? దొంగకి తాళం చెవులిచ్చినట్టు ఆ పిల్లల్ని నాకే అప్పజెప్పింది ఊరు.

అశ్విని నా కూతురు వీరదుర్గ బిడ్డ. అల్లుడు చెన్నై హార్బరులో బోటు మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు కనబడతాడు. వీరదుర్గ చేపల గంప ఎత్తుకుని పిఠాపురం పోతే పిల్ల నా దగ్గరే ఉండేది. ఏడో ఏట షెల్టరు కిందకి వచ్చింది. పన్నెండో ఏటికి సుడి దెబ్బ పట్టేసింది. ఎంత అందంగా తిరిగేదో! కాలు లేచిందంటే సముద్రం కూడా ఆగి చూడాలి. కటా అని ఒకటుంటుంది, ఎదురుగా మనిషి లేకుండా ఒక్కళ్ళే చేసి చూపించాలి. అందులో కాకినాడలో రెండుసార్లు బంగారు పతకం తెచ్చింది. ఎదురుగా మనిషి లేని ఆటలో మా పిల్లని కొట్టేవాళ్ళు లేరు.

కిందటేడు తుఫానుకి మా ముందుగది పోయింది. ఆ తరవాత వంటిల్లు గోడ పగిలింది. కోత ఆగాలని ఒడ్డున రాళ్ళు పోస్తారు, సముద్రం ఆ రాళ్ళనీ లాక్కుపోతుంది. అశ్విని ఇంటరు ఆఖరి పరీక్ష రాసిన నాడే భీమవరం నుంచి కబురొచ్చింది. అక్కడొక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు ఆటల్లో పతకాలున్న పిల్లలకి ఉచితంగా సీటిస్తున్నారట, హాస్టలుతో సహా. కాకపోతే కటా పతకం చెల్లదు, మే నెలలో భీమవరంలో జరిగే కిక్ బాక్సింగ్ పోటీలో పతకం కావాలి. హాస్టలన్న మాట వినగానే వీరదుర్గ ఏడ్చేసింది.

"నాన్నా, మన బతుకు ఎలాగూ ఈ నీళ్ళపాలే. దీన్నొక్కదాన్ని ఒడ్డెక్కించెయ్యి" అంది.

అంతకన్నా నేను కోరుకున్నది లేదు, దేవుడి తోడు.

ఏప్రిల్లో విజయ్ పాల్ అనే కోచ్ భీమవరం నుంచి వచ్చాడు. మా పిల్ల పేరు విని చూద్దామని వచ్చాడట, మంచి మనిషి. తోలు మెత్త ఒకటి చేతికి తగిలించుకుని అశ్విని ముందు పట్టుకున్నాడు. "కొట్టు తల్లీ" అన్నాడు. అశ్విని కొట్టింది. మెత్తకి జానెడు ఇవతల పిడికిలి ఆగింది. మళ్ళీ కొట్టమన్నాడు, మళ్ళీ ఆగింది. పదిసార్లు కొడితే పదిసార్లూ ఆగింది. అతను నన్ను రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"బాబాయ్ గారూ, అమ్మాయి కదులుతుంటే ముచ్చటేస్తోందండి. కానీ ఒక్కటీ తగలట్లేదు."

"ఆయ్, అది మా బాబు గారి పద్ధతండి" అన్నాను.

"పద్ధతి కాదండి, ప్రమాదం. అవతలి పిల్ల ఆపదు కదండి. ఒక్క నెల మా ఇంట్లో ఉంచండి, మా ఆవిడ చూసుకుంటుంది. ఆ చెయ్యి విప్పుతాను. ఏమీ ఇవ్వక్కర్లేదు నాకు."

దేవుడు మనిషి రూపంలో రావడమంటే అదే. నేను దొరబాబు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన స్తంభానికి ఆనుకుని ఎర్ర గుడ్డ మడత పెట్టుకుంటున్నారు. నేను చెప్పిందంతా విని, మడిచిన గుడ్డ విప్పేసి మళ్ళీ మొదటి నుంచి మడిచారు.

"పంపించు. పదేళ్ళు నేర్పిన నేనెవణ్ణి?" అన్నారు. తరవాత తలెత్తి, "బుల్లియ్యా, నువ్వు కూడా నా దెబ్బ దెబ్బ కాదంటావేంట్రా?" అన్నారు.

"అబ్బే, అంత మాట ఎవరన్నారండి" అన్నాను.

ఆ మాటన్నందుకు నా నాలుక కోసి కుక్కలకి వెయ్యాలి. విజయ్ పాల్‌కి ఫోన్ చేసి, పిల్ల మా దగ్గరే తయారవుతుందండి, ఏమీ అనుకోకండి అని చెప్పేశాను. అతను "మీ ఇష్టం బాబాయ్ గారూ" అని పెట్టేశాడు.

మనసు ఊరుకోలేదు. ఒకరోజు తెల్లారకట్ల గోనెసంచిలో ఇసక పోసి పెరట్లో కొబ్బరిచెట్టుకి వేలాడదీశాను. అశ్వినిని లేపి కొట్టమన్నాను. చెయ్యి ఆగింది.

"తగిలేలా కొట్టవే" అన్నాను.

"తగిలితే తప్పు కదా తాతా? మాస్టారు తిడతారు."

"అశ్వినీ, నీకో మాట చెప్పాలమ్మా" అన్నాను. నిజంగానే అంతా చెప్పేద్దామనుకున్నాను. లాడ్జి మెట్లు, కొరుక్కున్న పెదవి, అంతా. సరిగ్గా అప్పుడే చేతికర్ర చప్పుడైంది.

"ఏంట్రా అది చెట్టుకి?" అన్నారు దొరబాబు గారు గుమ్మంలోంచి.

"ఏం లేదు బాబూ, ఎండుచేపల మూట. పిల్లులు ముట్టుకోకుండా కట్టాను" అన్నాను. ఆ మూట విప్పేశాను. మళ్ళీ కట్టలేదు.

పోటీ రోజు ముగ్గురం బస్సెక్కి కాకినాడ మీదుగా భీమవరం వెళ్ళాం. హాలు ముందు దొరబాబు గారి ఫ్లెక్సీ కట్టారు, తాటిచెట్టంత ఎత్తు, నల్ల బనీనుతో ఉన్న కుర్రప్పటి బొమ్మ. ముఖ్య అతిథి ఆయన. పొట్టలొచ్చిన, జుట్టు నెరిసిన అభిమానులు ఆయన్ని చేతుల మీద మోసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టారు, శాలువా కప్పారు. అశ్విని తల పైకెత్తి ఆయన్ని చూసుకుని మురిసిపోయింది. నన్ను రింగు మూలలో స్టూలూ, నీళ్ళ సీసా, టవలూ ఇచ్చి కూర్చోబెట్టారు. టవల్ తుడవడానికే కాదట. మన పిల్లకి దెబ్బలు ఎక్కువైతే దాన్ని రింగులోకి విసిరేస్తే ఆట ఆపేస్తారట. అక్కడి కుర్రాడు నాకు వివరంగా చెప్పాడు.

ఎదుటి పిల్ల పావని, తణుకు నుంచి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది. గంట కొట్టారు. మొదట్లో హాలంతా చప్పట్లు. అశ్విని తిరుగుతుంటే ఆ పావని భయపడి వెనక్కి వెనక్కి పోయింది. పిడికిలి వచ్చింది, ఆగింది. కాలు వచ్చింది, ఆగింది. నాలుగోసారి ఆగాక పావని ముఖంలో భయం పోయింది. ఒక అడుగు ముందుకొచ్చి ముక్కు మీద కొట్టింది.

అశ్విని ముఖంలో నొప్పి కనబడలేదు, ఆశ్చర్యం కనబడింది. పుట్టిన తరవాత ఎవరైనా ఆ పిల్లని కొట్టడం అదే మొదటిసారి. మళ్ళీ కొట్టింది పావని. అశ్విని పిడికిలి మళ్ళీ జానెడు ఇవతల ఆగింది. వెనక నుంచి ఎవడో "సినిమా ఫైటురోయ్!" అని అరిచాడు. హాలంతా నవ్వింది.

గంట కొట్టారు. అశ్విని వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. నా వైపు చంటిపిల్లలా చూసింది.

"ఆ పిల్ల పడట్లేదేంటి తాతా?"

చెప్పాల్సింది రెండు ముక్కలే. తగిలేలా కొట్టమ్మా, ఇన్నాళ్ళూ చేసిందంతా ఉత్తుత్తిది. అంతే. విజయ్ పాల్ ఎక్కడి నుంచి పరిగెత్తుకొచ్చాడో, రింగు తాళ్ళు పట్టుకుని, "చెప్పండి బాబాయ్ గారూ! లేకపోతే ఆ టవల్ వేసెయ్యండి, పిల్ల చచ్చిపోతుంది!" అంటున్నాడు. నేను వేదిక వైపు చూశాను. దొరబాబు గారు అశ్విని వైపు చూడట్లేదు, నన్నే చూస్తున్నారు. రాజమండ్రి లాడ్జి ముందు చూసిన చూపే. ఆ చూపు వచ్చినప్పుడల్లా నేను పడ్డాను. ముప్పై ఏళ్ళుగా పడుతూనే ఉన్నాను.

చేతిలో టవల్ ఉంది. దాంతో అశ్విని ముఖం తుడిచాను.

"పడుతుందమ్మా. సుడి దెబ్బ వెయ్యి" అన్నాను.

అశ్విని తలూపింది. నా మాట ఎప్పుడు కాదంది గనక! గంట కొట్టగానే రింగు మధ్యకి వెళ్ళి తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. అంత అందమైన సుడి దెబ్బ దొరబాబు గారు కూడా ఎప్పుడూ వెయ్యలేదు. మడమ వెళ్ళి పావని చెవికి జానెడు ఇవతల ఆగింది. గాలిలో కాలు, కింద ఒంటికాలు. పావని పడలేదు. పడదు కదా, దానికి ఎవరు నేర్పారు? అది తన కాలు తను విసిరింది. తలకి కట్టిన తొడుగు అంచు కింద, ఎడమ కంటి మీద తగిలింది.

"కట్!" అని అరుపు వినబడింది. వేదిక మీద దొరబాబు గారు లేచి నిలబడ్డారు, శాలువా కింద పడిపోయింది. "కట్! కట్ అన్నానా! ఆపండ్రా!" అంటున్నారు. జనం మళ్ళీ నవ్వారు, ముసలాయన జోకేశాడనుకుని. పావని ఆగలేదు, ఆగాలని దానికెలా తెలుస్తుంది? ఇంకో దెబ్బ వేసింది.

అశ్విని పడింది. నేను నేర్పిన పడటం కాదు. నేను నేర్పింది భుజం ముందు ఆనేలా, తల లోపలికి ముడిచేలా. ఇది నిలువునా చెట్టు కూలినట్టు పడింది. అన్నేళ్ళు పడి బతికినవాణ్ణి, మనిషి నిజంగా పడితే ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

కాకినాడ ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు. కంటి లోపలి పొర చిరిగిపోయిందన్నారు. ఎడమ కంటికి ఇంక చూపు రాదన్నారు. కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. వీరదుర్గ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. కంచంలో అన్నం పెట్టి నా ముందు తోసి వెళ్ళిపోతుంది, ఇప్పటికీ అంతే.

దొరబాబు గారు ఆసుపత్రికి వచ్చి వార్డు గుమ్మంలోనే నిలబడిపోయారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బుల్లియ్యా, మన ఫైట్లలో ఎవరికీ ఎప్పుడూ దెబ్బ తగల్లేదు కదరా?" అన్నారు.

"లేదు బాబూ."

"ఒక్కడికి కూడా?"

"ఒక్కడికి కూడా లేదు బాబూ."

"మరి దీనికెలా తగిలిందిరా?"

ఆ తరవాత ఆయన షెల్టరు కిందకి వెళ్ళలేదు, అన్నం సరిగ్గా ముట్టలేదు. శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎన్నిసార్లు చూశానో. ఎప్పుడు కోపం రాబోయినా ఆ పట్టిసీమ కొబ్బరినీళ్ళు అడ్డం వస్తాయి. చివరికి కోపమంతా తిరిగి తిరిగి నా మీదికే వస్తుంది. నా కోపానికి అశ్విని కన్ను వస్తుందా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

కార్తీకమాసంలో రాజమండ్రి నుంచి అశోక్ అనే కుర్రాడు ఇంకో ఇద్దరితో కలిసి కెమెరా తెచ్చాడు. యూట్యూబులో పాత హీరోల మీద వీడియోలు చేస్తాడట. మా ఇంటి ముందు, రాళ్ళ మీద నన్ను కూర్చోబెట్టాడు. అశ్విని అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది, ఇప్పుడు తన పని అదే. రొయ్యల షెడ్డువాళ్ళు ఇంటికే పంపిస్తారు. ఒక కన్నుతో చూసుకోవాలి కాబట్టి తల బాగా వంచి ఒలుస్తుంది.

"బుల్లియ్య గారూ, ఆ సుడి దెబ్బ పవరు నిజంగా ఎలా ఉండేదండి?" అన్నాడు అశోక్.

ఈసారి అబద్ధం చెప్పకూడదనుకున్నాను.

"తగిలేది కాదండి. జానెడు ఎడం ఉండేది. ఆయన ఆపేవారు, నేను పడేవాణ్ణి. ఆయనకి కొట్టడం రాదండి."

అశోక్ పకపకా నవ్వాడు. "భలేవారండీ మీరు!" అని కెమెరా వైపు తిరిగి, "చూశారా ఫ్రెండ్స్, అంత స్పీడన్నమాట, తగిలినట్టు కూడా తెలిసేది కాదంటున్నారు" అన్నాడు. ఛీ, నా బతుకు. ముప్పై ఏళ్ళు అబద్ధం ఆడితే నమ్మారు, ఒక్కసారి నిజం చెబితే జోకనుకున్నారు.

"ఒక్కసారి పడి చూపించండి తాతగారూ. ఎవరైనా స్టూడెంటు ఉంటే కొడతారు" అన్నాడు.

అశ్విని రొయ్యల చిప్ప పక్కన పెట్టింది. పమిటకి చెయ్యి తుడుచుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నిలబడు తాతా" అంది.

నిలబడ్డాను. అశ్విని కుడిచెయ్యి విసిరింది. నా గుండెకి జానెడు ఇవతల ఆగింది. నేను పడలేదు.

"పడాలండి తాతగారూ!" అన్నాడు అశోక్.

అశ్విని మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఆగింది. నేను కదల్లేదు.

"తగిలేలా కొట్టమ్మా. గట్టిగా కొట్టు" అన్నాను.

"కొడుతున్నాను తాతా. చెయ్యి ఆగిపోతోంది."

"నా మీద కోపం లేదా నీకు?"

"ఉంది" అంది. పళ్ళు బిగించి మళ్ళీ కొట్టింది. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, రెండో కంట్లోంచి కూడా. పిడికిలి రావడం, ఆగడం. నాకు ఇంక ఓర్చుకోవడం చేతకాలేదు. ఆ చెయ్యి వచ్చేటప్పుడు నేనే జానెడు ముందుకి జరిగాను, ఒక్కటైనా తగలనీ అని. చెయ్యి కూడా జానెడు వెనక్కి జరిగి ఆగింది.

కెమెరా పట్టుకున్నవాడు దాన్ని దించేశాడు. సరిగ్గా రాలేదండి, మళ్ళీ ఎప్పుడైనా వస్తాం అంటూ సర్దుకున్నారు. వాళ్ళ కారు బీచ్ రోడ్డు ఎక్కేదాకా అశ్విని చెయ్యి అలాగే చాచి నిలబడింది. తరవాత దించింది.

"ఇప్పుడు పడలేదేంటి తాతా?" అంది.

నా ముఖంలోకి చూసి, అశ్విని వెళ్ళి రొయ్యల ముందు కూర్చుంది.